మంగు మచ్చలకు లేజరా, పీలింగా?

చెక్కిళ్లమీద, నుదుటిమీద, పై పెదవిమీద గోధుమ లేక బూడిద వర్ణంలో వ్యాపించే మచ్చలను మనవారు మంగు అంటారు. ఆధునిక వైద్యంలో దీని పేరు మెలాస్మా. ఆయుర్వేదంలో వ్యంగము. కోపంచేత, అధికశ్రమచేత ప్రకోపించిన వాతం పిత్తంతో కూడి ముఖాన్ని చేరి, నొప్పి లేని పలుచని నల్లని మచ్చను కలిగిస్తుందని సుశ్రుతాచార్యులు క్షుద్రరోగాల ప్రకరణంలో వర్ణించారు. ఇది ప్రాణాంతక వ్యాధి కాదు. అయినప్పటికీ ఈ మచ్చల మూలంగా పెళ్లిళ్లకు, పేరంటాలకు వెళ్లడం మానుకున్న గృహిణులను నేను ఎందరినో చూశాను.

ఇటీవల నా వద్దకు వచ్చేవారిలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: "లేజర్ మంచిదా, కెమికల్ పీలింగ్ మంచిదా?" ఈ రెండింటిలో ఏదైనా వేల రూపాయల వ్యవహారం. కనుక చేయించుకునే ముందు పాఠకులు తెలుసుకోవలసిన విషయాలను ఇక్కడ వివరిస్తాను.

మచ్చ ఎంత లోతున ఉంది?

చర్మానికి రంగునిచ్చే మెలనిన్ అనే పదార్థం, బాహ్యచర్మపు అట్టడుగు పొరలోని కణాలలో తయారవుతుంది. ఎండ, గర్భధారణ, కుటుంబ నియంత్రణ మాత్రలు, వంశపారంపర్యం ఈ కణాలను ఉద్రేకపరుస్తాయి. రంగు బాహ్యచర్మంలోనే ఉంటే మచ్చ గోధుమ వర్ణంలో, అంచులు స్పష్టంగా కనబడుతుంది. ఇది చికిత్సకు సులభంగా లొంగుతుంది. అంతశ్చర్మంలోకి దిగితే బూడిద వర్ణం పొందుతుంది. అప్పుడు ఏ చికిత్సకైనా మొండికేస్తుంది. పలువురిలో ఈ రెండూ కలిసి ఉంటాయి.

ముఖం మీది నలుపంతా మంగు కాదు. మెడ వెనుక, కణతల వద్ద చర్మం నల్లగా, దళసరిగా మారితే ముందు రక్తంలో చక్కెర పరీక్ష చేయించాలి. జుట్టుకు వేసే రంగు పడకపోయినా ముఖం నల్లబడుతుంది. అటువంటప్పుడు ఆ రంగు మానడమే ప్రథమ చికిత్స.

కెమికల్ పీలింగ్

ఆమ్లద్రావణంతో చర్మపు పైపొరలను నియమిత ప్రమాణంలో ఊడదీయడమే పీలింగ్. చెరకులో లభించే గ్లైకాలిక్ ఆమ్లం, పుల్లని పెరుగులో ఉండే లాక్టిక్ ఆమ్లం, సాలిసిలిక్ ఆమ్లం ఇందుకు వాడుతారు. గ్లైకాలిక్ ఆమ్లాన్ని సాధారణంగా 30 నుండి 70 శాతం గాఢతలో, కొద్ది నిమిషాలు మాత్రమే ఉంచి, తటస్థపరచి కడిగివేస్తారు. రెండు మూడు వారాల ఎడంతో అనేక పర్యాయాలు చేయవలసి ఉంటుంది. పైపైన ఉన్న మంగు దీనితో తగ్గుతుంది. లోతున ఉన్నది అంతగా తగ్గదు. ఆమ్లం గాఢత మితిమీరినా, ఎక్కువసేపు ఉంచినా చర్మం కమిలి, పాతదానికంటె నల్లని మచ్చ మిగులుతుంది.

పెళ్లికి పది రోజులుండగా కుమార్తెకు మొదటిసారి పీలింగ్ చేయించాలని ఒక తల్లి నన్ను సలహా అడిగారు. వద్దన్నాను. పొట్టు రాలడానికే కొన్ని రోజులు పడుతుంది, పడకపోతే సరిదిద్దుకునే వ్యవధి ఉండదు. శుభకార్యానికి కనీసం మూడు నాలుగు నెలల ముందే చికిత్స ఆరంభించాలి.

లేజర్

నిర్ణీత తరంగదైర్ఘ్యం గల కాంతిని అతి స్వల్పకాలం ప్రసరింపజేస్తే, చుట్టుపక్కల చర్మాన్ని కాల్చకుండా రంగు కణికలను మాత్రమే పగులగొట్టవచ్చు. ఈ సూత్రాన్ని 1983లో అమెరికాలో ఆండర్సన్, పారిష్ అనే వైద్యులు ప్రతిపాదించారు. మన చర్మానికి 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్‌ను ఎక్కువగా వాడుతున్నారు. పచ్చబొట్లను తొలగించడంలో, కంటిచుట్టూ ఒక పక్కన వచ్చే నీలి మచ్చ విషయంలో ఇది చక్కని ఫలితాన్నిస్తుంది.

మంగు సంగతి వేరు. లేజర్ ఉన్న రంగును పగులగొడుతుంది గాని, రంగును తయారుచేసే కణాల ఉద్రేకాన్ని శమింపజేయదు. పైగా దాని వేడిమి ఆ కణాలను మరింత రెచ్చగొట్టవచ్చు. మన చామనచాయ చర్మంలో ఈ ప్రమాదం తెల్లవారి చర్మంలో కంటె అధికం. పదేపదే చేస్తే కొందరిలో బియ్యపు గింజలంత తెల్లమచ్చలు ఏర్పడతాయి. మానిన కొద్ది నెలలకే మంగు తిరిగి రావడం తరచు కనబడే విషయం.

ఏది మేలు?

మంగు వరకు నా అభిప్రాయం ఇది. మొదటి మెట్టు ఎండనుంచి రక్షణ, చర్మవైద్యులు సూచించే లేపనాలు. వాటితో చాలనప్పుడు రెండవ మెట్టు పీలింగ్. లేజర్ చివరి మెట్టు. అదికూడా మన చర్మంతో అనుభవమున్న వైద్యుల చేతిలోనే. మొదటి మెట్టు విడిచి పై మెట్లు ఎక్కినవారికి ధనవ్యయమే మిగులుతుంది. మంగును శాశ్వతంగా తుడిచివేసే చికిత్స ఏదీ లేదు, అదుపులో ఉంచుకోవడమే సాధ్యం.

ఎండలోకి వెళ్లేటప్పుడు గొడుగు తప్పనిసరి. ఎస్.పి.ఎఫ్. 30కి తక్కువ కాని సన్‌స్క్రీన్‌ను రెండు మూడు గంటలకొకసారి రాయాలి. కంటికి కనబడే వెలుగు కూడా మంగును పెంచుతుంది గనుక, ఐరన్ ఆక్సైడ్ కలిసిన లేతరంగు సన్‌స్క్రీన్ మరింత మేలు.

ఇంటి వైద్యం ఎంతవరకు?

మంజిష్ఠ, లొద్దుగ, ఎర్రచందనం వ్యంగానికి మన గ్రంథాలలో చెప్పిన లేపద్రవ్యాలు. అతిమధురంలోని గ్లాబ్రిడిన్ అనే పదార్థం మెలనిన్ తయారీని అడ్డగిస్తుందని ప్రయోగశాలల్లో తేలింది. ఇవి నిదానంగా పనిచేస్తాయి, ముదిరిన మచ్చకు ఇవి మాత్రమే చాలవు. ఏ లేపమైనా ముందు మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి, రెండు రోజులు గమనించి, ఆ తరువాతనే ముఖానికి వాడాలి.

నిమ్మరసం ముఖానికి రాసి ఎండలోకి వెళ్లకూడదు. చర్మం బొబ్బలెక్కి నల్లబడుతుంది. పీలింగ్, లేజర్ చేయించుకున్న చర్మానికి, అది పూర్తిగా మానేవరకు, ఏ గృహలేపమూ తగదు. తెల్లబరుస్తాయని దుకాణాల్లో అడిగి కొనే స్టెరాయిడ్ లేపనాలు నెలల తరబడి వాడితే చర్మం పలుచబడి, ఎర్రబడి, మొటిమలు పుడతాయి.

అంగీకరించే ముందు అడగవలసినవి

1. నాది మంగేనా? రంగు ఎంత లోతున ఉంది?
2. చేసేవారు అర్హతగల చర్మవైద్యులేనా?
3. ఎన్ని పర్యాయాలు, మొత్తం వ్యయం ఎంత?
4. ముందుగా చెవి వెనుక కొద్దిచోట పరీక్షించి చూస్తారా?
5. మచ్చ తిరిగి వస్తే ఏం చేస్తారు?

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పెదవులపై తరచు జ్వరపు పొక్కులు వచ్చేవారు, మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మింగుతున్నవారు ఆ సంగతి ముందే వైద్యునికి చెప్పాలి. గర్భధారణలో వచ్చిన మంగు పలువురిలో ప్రసవానంతరం కొన్ని నెలలకు దానంతటదే పలుచబడుతుంది. వారు అంతవరకు గొడుగును, సన్‌స్క్రీన్‌ను ఆశ్రయించి, ఖర్చుతో కూడిన చికిత్సలను వాయిదా వేసుకోవడం ఉత్తమం.