నలుగురి మాట

ఉద్దేశం: సమూహం వ్యక్తి ఆలోచనపై చూపే ప్రభావాన్ని, దానికి సంబంధించిన కొన్ని శాస్త్ర పదాలను విద్యార్థులకు పరిచయం చేయడం.

మానవుడు సంఘజీవి. అతని వేషభాషలు, అభిరుచులు, నడవడి చుట్టూ ఉన్నవారిని బట్టి రూపుదిద్దుకుంటాయి. ‘నలుగురితో నారాయణ’ అనే లోకోక్తి ఈ స్వభావం నుండి పుట్టినదే. ఒక సమూహంలో ఏది తగునో, ఏది తగదో నిర్ణయించే అలిఖిత నియమాలను ‘సాంఘిక ప్రమాణాలు’ అంటారు. సమూహపు ఒత్తిడికి లోబడి వ్యక్తి తన అభిప్రాయాన్ని గాని, ప్రవర్తనను గాని మార్చుకోవడం ‘అనురూపత’. అధికారం గలవారి ఆజ్ఞను పాటించడం ‘విధేయత’. అనురూపతలో ఆజ్ఞాపించేవారు ఉండరు; తోటివారు మాత్రమే ఉంటారు.

పంచతంత్రంలోని బ్రాహ్మణుడు భుజాన మేకను మోసుకొని వెళ్తుంటాడు. దారిలో ధూర్తులు ఒకరి తరువాత ఒకరు ఎదురై అది మేక కాదని చెబుతారు. చివరకు అతడు తన కన్నులనే శంకించి మేకను విడిచి వెళ్తాడు. ఈ కథలోని సత్యాన్ని ఆధునిక శాస్త్రం ప్రయోగం ద్వారా పరీక్షించింది.

1951లో అమెరికా మనోవిజ్ఞాన శాస్త్రవేత్త సోలమన్ ఆష్ తన ప్రయోగ ఫలితాలను ప్రకటించాడు. ఒక కార్డుపై ఒక గీత, మరొక దానిపై మూడు గీతలు ఉంటాయి. మూడింటిలో మొదటి గీతతో సమానమైనది ఏదో చెప్పాలి. సమాధానం పసిపిల్లలకు సైతం తెలిసేంత స్పష్టం. అయితే గదిలోని కళాశాల విద్యార్థులలో ఒక్కడే నిజమైన ప్రయోజ్యుడు. మిగిలినవారు ప్రయోక్త ముందే సిద్ధం చేసినవారు. 18 పర్యాయాలలో 12 సార్లు వారంతా ఒకే తప్పు సమాధానం చెప్పారు. ఆ సందర్భాలలో ప్రయోజ్యుల సమాధానాలలో సుమారు మూడో వంతు ఆ తప్పునే అనుసరించాయి. దాదాపు నాలుగో వంతు మంది మాత్రం ఒక్కసారి కూడా లొంగలేదు.

ఇందుకు కారణాలు రెండని 1955లో మోర్టన్ డాయిచ్, హెరాల్డ్ జెరార్డ్ వివరించారు. ఇతరులకు మనకంటె ఎక్కువ తెలుసునని నమ్మడం ‘సమాచార ప్రభావం’. వెలివేస్తారని, నవ్వుతారని జంకడం ‘ప్రామాణిక ప్రభావం’. మొదటిది సందేహం నుండి, రెండవది భయం నుండి పుడుతుంది.

అనురూపత అన్నివేళలా దోషం కాదు. వరుసలో నిలబడడం, రహదారి నియమాలు పాటించడం దాని ఫలాలే. కాని అన్యాయం జరిగేచోట అది ప్రమాదకరం. ర్యాగింగును నిషేధిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో చట్టం వచ్చింది. అయినా వసతిగృహంలో కొత్త విద్యార్థిని కొందరు అవమానిస్తుంటే చూసేవారు మౌనం వహించడం కద్దు. ప్రతివాడూ లోలోపల బాధపడుతూనే, ఎదుటివాని మౌనాన్ని సమ్మతిగా భావిస్తాడు.

ఆష్ ప్రయోగంలోనే దీనికి విరుగుడు కనిపిస్తుంది. గదిలో మరొక్కరు సరైన సమాధానం చెప్పినపుడు ప్రయోజ్యుల తప్పులు బాగా తగ్గిపోయాయి. గుంపును ఎదిరించడానికి మరొక గుంపు అవసరం లేదు. తోడుగా ఒక్క గొంతు చాలు. ఆ మొదటి గొంతు కావడమే విద్యకు సార్థకత.

పదాలు - అర్థాలు
ప్రయోక్త: ప్రయోగం చేసేవాడు
ప్రయోజ్యుడు: ప్రయోగానికి లోనైనవాడు
ధూర్తుడు: మోసగాడు
కద్దు: ఉన్నది

ప్రశ్నలు
1. అనురూపతకు, విధేయతకు గల భేదమేమి?
2. ఆష్ ప్రయోగాన్ని వివరించి, పంచతంత్ర కథతో సమన్వయించండి.