పటమునకు క్రొత్త పొరలు చేర్చు విధము

విద్యార్థులారా! పటమనగా ఒక్క బొమ్మ కాదు. ఒకదానిపై నొకటి పఱచిన పెక్కు పొరల కూర్పు. మన హుమ్మ పటమునే తీసికొందము. ఉప్పుమళ్ళ హద్దులు ఒక పొర. రైలుమార్గము ఒక పొర. ఋషికుల్యానది, చిలక సరస్సు వేఱొకటి. గ్రామములు, తుఫాను రక్షణ భవనములు ఇంకొకటి. ఇట్టి పొరలను కంప్యూటరులో పట్టికలుగా భద్రపఱచు స్థానమును స్థలసమాచార కోశ మందము. ఒక్కొక్క పొర ఒక పట్టిక. అందలి ఒక్కొక్క వరుస ఒక మడి లేక ఒక గ్రామము. ఆ వస్తువు భూమిపై ఎచ్చట నున్నదో తెలుపు అంకెలును ఆ వరుసలోనే యుండును. ఇట్టి కోశమునకు పోస్ట్‌జిఐఎస్ అను సాధనమును, పటము చూచుటకు క్యూజిఐఎస్ అను సాధనమును ఉపయోగింతురు. మొదటిది 2001లోను, రెండవది 2002లోను ఆరంభమైనవి. రెండును ఉచితముగా లభించును.

రెండు మూడు పొరలైనచో చేతితోనే చేర్చవచ్చును. నూఱు పొరలైనప్పుడు స్క్రిప్టు వ్రాయవలెను. స్క్రిప్టు అనగా కంప్యూటరునకు వ్రాసియిచ్చు ఆజ్ఞల వరుస. క్యూజిఐఎస్‌లో దీనిని పైథాన్ భాషలో వ్రాయుదురు. దాని క్రమ మిట్టిది: ఫైలును తెఱువుము, దాని కొలతపద్ధతిని పరీక్షింపుము, అవసరమైన మార్పుము, ఆ పేరుగల పట్టిక కోశమున ముందే యున్నచో ఆగుము, లేనిచో చేర్పుము, వచ్చిన వరుసలను, చేరిన వరుసలను లెక్కించి సరిచూడుము, పిమ్మట తరువాతి ఫైలునకు పొమ్ము. స్క్రిప్టు అలయదు, కాని ఆలోచింపదు. మనము తప్పు వ్రాసినచో ఆ తప్పునే నూఱుమార్లు చేయును.

ఆ తప్పులలో ముఖ్యమైనది కొలతపద్ధతికి సంబంధించినది. ప్రపంచమును 6 డిగ్రీల వెడల్పు గల 60 మండలములుగా విభజించి మీటర్లలో కొలుచు పద్ధతి యొకటి కలదు. 84వ తూర్పు రేఖాంశము శ్రీకాకుళము జిల్లా గుండా పోవుచున్నది. దానికి పడమటనున్న శ్రీకాకుళపట్టణము 44వ మండలములోనిది. తూర్పుననున్న పలాస, బరంపురము, హుమ్మ 45వ మండలములోనివి. మన ఉప్పుమళ్ళ అంకెలను 45వ మండలమున కొలిచి, 44వ మండలమని స్క్రిప్టులో వ్రాసితిమా, అవి 600 కిలోమీటర్లకు మించి పడమటికి జరిగి, తెలంగాణలోని ఆసిఫాబాదు ప్రాంతమున కనబడును! సముద్రములేని చోట ఉప్పుమళ్ళు!

ఇచ్చట రెండు ఆజ్ఞల భేదము గ్రహింపుడు. సెట్‌ఎస్‌ఆర్‌ఐడి అనునది పొరకు మండలపు గుర్తును మాత్రము వేయును, అంకెలను ముట్టదు. ట్రాన్స్‌ఫార్మ్ అనునది అంకెలను తిరిగి గణించి క్రొత్త మండలమునకు మార్చును. సంచిపై చీటీ మార్చినంతమాత్రమున లోని ఉప్పు తూకము మారునా? గుర్తు లేని పొరకు మొదట సరియైన గుర్తు వేసి, ఆ పిమ్మటనే మార్పు చేయవలెను. 44వ మండలపు గుర్తు 32644; 45వ దానిది 32645.

రెండవ జాగ్రత్త పేర్లను గూర్చినది. మనము బరంపుర మన్న ఊరిని ఒడియావారు బ్రహ్మపుర మందురు. పేరునుబట్టి పట్టికలను జతపఱచినచో ఒకే ఊరు రెండుగా లెక్కకు వచ్చును. కావున జనగణనవారు ఊరికిచ్చిన సంఖ్యనుబట్టియే జతపఱచి, ఒడియా పేరునకు ఒక గడి, తెలుగు పేరునకు ఒక గడి ఉంచవలెను. అప్పుడు ఏ పేరును నశింపదు.

ఇది వట్టి లెక్కల వినోదము కాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురము వద్ద తీరము దాటినది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపమున తీరము దాటి, శ్రీకాకుళమును, ఒడిశాలోని గజపతి, గంజాం జిల్లాలను బాధించినది. తుఫానునకు రాష్ట్రపు సరిహద్దు లేదు. పటములకు మాత్రమే కలదు. ఇరువైపుల పొరలను ఒక్క కోశమున సరిగా చేర్చినచో, తీరమునకు 5 కిలోమీటర్ల లోపల నున్న గ్రామము లెవ్వి, వానికి దగ్గఱి రక్షణభవన మెచ్చట నున్నదని ఒక్క ప్రశ్నతో తెలిసికొనవచ్చును. పొర తప్పుచోట పడినచో ఆ గ్రామము జాబితాలోనికే రాదు.

కావున స్క్రిప్టును మొదట కోశపు నకలుపై నడిపి, మీరెఱిగిన ఒక చోటును పటమున వెదకి చూడుడు. మన రైలుస్టేషను తన చోటనే యున్నచో, అప్పుడు ముందునకు సాగుడు.