ఇంజనుకు రెక్క బిగించే ముందు

అవుట్‌బోర్డ్ ఇంజనుకు హైడ్రోఫాయిల్ వేయించమంటారా అని అడిగే బోటువాళ్లను ముందు ఒక మాట అడగాలి. పూర్తి రేజ్ ఇచ్చినప్పుడు మీ బోటు నీటిని చీల్చుకుంటూ పోతుందా, లేక లేచి నీటి మీద జారుతుందా? ఆ రెక్క కొనాలా వద్దా అన్నది చాలావరకు ఇక్కడే తేలిపోతుంది.

ప్రొపెల్లర్‌కు కాస్త పైన, ఇంజను కాలికి అడ్డంగా ఒక పలక ఉంటుంది. పైనుంచి గాలి ప్రొపెల్లర్‌లోకి దిగకుండా ఆపడం దాని పని. హైడ్రోఫాయిల్ అంటే ఆ పలకకు రెండువైపులా బిగించే ప్లాస్టిక్ రెక్క. బోటు వేగం అందుకుంటుంటే అది వెనుక భాగాన్ని పైకి ఎత్తుతుంది, దాంతో ముక్కు కిందికి దిగుతుంది. బోటు త్వరగా లేస్తుంది, కొంచెం తక్కువ వేగంలోనూ లేచే ఉంటుంది.

మన తీరంలో వలలు, ఐసు, నలుగురైదుగురు మనుషులతో వెళ్లే ఫైబర్ బోటుకు పది హార్స్‌పవర్ ఇంజను ఉంటే అది లేవదు. నీటిలో ఆనే పొడవు 25 అడుగులైతే, లేవని బోటుకు హాయిగా అందే వేగం దాదాపు 6.7 నాట్లు, అంటే గంటకు 12 కిలోమీటర్లు. ఆపైన ఎంత రేజ్ ఇచ్చినా ఇంధనం కాలుతుందే తప్ప దూరం కలిసిరాదు. అలాంటి బోటుకు ఈ రెక్క నీటిలో అదనపు అడ్డంకి మాత్రమే. వల తాళ్లు చిక్కుకోవడానికి ఇంకో అంచు దొరుకుతుంది. ఆ డబ్బు దాచుకోండి.

లేచే బోట్ల సంగతి వేరు. తేలికైన చిన్న బోటు, దానికి తగ్గ బలమైన ఇంజను, వెనుక కూర్చుని నడిపే మనిషి. జలాశయాల్లో తిరిగేవి, వరద సహాయానికి వాడేవి ఇలాంటివే. వీటిలో లేచేటప్పుడు ముక్కు నిలువునా పైకి లేచి, నడిపేవాడికి ఎదుట ఏముందో కనబడదు. నీళ్లలో మనిషి ఉన్నా తెలియదు. ఇది నిజమైన ప్రమాదం, రెక్క దీనికి పనికొస్తుంది. అయితే ఈ జబ్బు చాలాసార్లు ఖర్చు లేకుండానే నయమవుతుంది.

మొదట బరువు చూడండి. పెట్రోలు ట్యాంకు, బ్యాటరీ, ఐసు పెట్టె, మనిషి అన్నీ వెనకే ఉంటే ముక్కు లేవక ఏం చేస్తుంది? ట్యాంకును ముందుకు జరపండి. అడుగున వంద లీటర్ల నీళ్లు నిలిస్తే, లేచే సమయానికి వంద కేజీల బరువు వెనక్కి చేరినట్టే. తోడి పారేయండి. తర్వాత ఇంజను వంపు. చిన్న ఇంజన్లకు బిగింపు దగ్గర వరుసగా రంధ్రాలు, ఒక పిన్ను ఉంటాయి. పిన్నును బోటు వైపు రంధ్రంలోకి మారిస్తే ముక్కు దిగుతుంది. ఆపైన ఇంజను ఎత్తు. బోటు అడుగున ఒక తిన్నని చెక్క బద్ద ఆనించి వెనక్కి చూడండి. ఆ పలక అడుగుకు సమానంగా గానీ, ఒక అంగుళం పైన గానీ ఉండాలి. మరీ పైనుంటే మలుపుల్లో ప్రొపెల్లర్ గాలి పీల్చి అరుస్తుంది. మరీ కిందుంటే ఈడ్పు పెరుగుతుంది.

ప్రొపెల్లర్ విషయం చాలామంది వదిలేస్తారు. మామూలు బరువుతో పూర్తి రేజ్‌లో, ఇంజను పుస్తకంలో రాసిన ఆర్పీఎం అందకపోతే పిచ్, అంటే ఒక చుట్టుకు ప్రొపెల్లర్ ముందుకు జరగాల్సిన దూరం, తక్కువున్న ప్రొపెల్లర్ వేయాలి. ఒక అంగుళం తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 ఆర్పీఎం పెరుగుతుంది. బరువుతో లేవలేని బోటుకు రెక్క కంటే ఇదే సరైన మందు. అడుగున నత్తగుల్లలు పట్టి ఉంటే ఇవేవీ పనిచేయవు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట ఆగినప్పుడు బోటు ఎలాగూ ఒడ్డునే ఉంటుంది. అడుగు గీకించడం, ఎత్తు సరిచూడటం అప్పుడే చేసుకోండి.

అన్నీ చేశాక కూడా ముక్కు దిగకపోతే రెక్క వేయించుకోండి. కానీ కెరటాలు దాటి ఇసుక మీదికి వచ్చే బోటు అయితే వద్దని గట్టిగా చెబుతాను. కెరటం వెనుక నుంచి తోస్తున్నప్పుడు ముక్కు తేలికగా ఉండాలి. రెక్క వెనుకను ఎత్తి ముక్కును ముందున్న నీటిలోకి దించితే బోటు ఒక్కసారిగా అడ్డం తిరుగుతుంది. పక్క నుంచి వచ్చే తర్వాతి కెరటానికి బోల్తా పడుతుంది. ఏటి మొగల దగ్గరా ఇదే భయం. ఒడ్డుకు చేరేటప్పుడు ఇసుక తగిలి రెక్కతోపాటు పలక కూడా విరగవచ్చు.

రెక్క వేయించుకునేవాళ్లు రంధ్రాలు చేయకుండా బిగించే రకం చూడండి. పలకకు రంధ్రం చేస్తే వారంటీ పోవచ్చు, ముందే డీలరును అడగండి. రంగు పోయిన అల్యూమినియంకు స్టీల్ బోల్టు ఆనితే ఉప్పునీటిలో అక్కడే తినేస్తుంది. బిగించాక మొదటిసారి ప్రశాంతమైన నీటిలో, లైఫ్ జాకెట్ వేసుకుని, ఇంజను ఆపే తాడు ఒంటికి తగిలించుకుని నడపండి. మలుపులు నెమ్మదిగా మొదలుపెట్టండి. స్టీరింగ్ ఒక పక్కకు లాగినా, ముక్కు నీటిలో గుచ్చుకున్నా రెక్కను అదేరోజు విప్పేయండి.