టెర్మినల్ తెరవగానే ‘పర్మిషన్ డినైడ్’ వస్తే...

హాస్టల్ తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ,

మన గదుల్లో ట్రంకు పెట్టెలు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. తాళంచెవి పెట్టె గలవాడి దగ్గరే. గదిలోవాళ్ళకు కొంత చనువు, బయటివాళ్ళకు అదీ ఉండదు. లినక్స్‌లో ప్రతి ఫైలుకూ ఇలాగే యజమానికి, అతని గ్రూపుకు, మిగతా అందరికీ వేర్వేరు హక్కులుంటాయి. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. వీటి కూడికే ఆ మూడంకెల సంఖ్య.

టెర్మినల్ తెరిచినప్పుడు బాష్ షెల్ మన హోమ్ డైరెక్టరీలో ‘.బాష్‌ఆర్‌సీ’ అనే ఫైలును చదువుతుంది. పేరు ముందు చుక్క ఉన్నందున అది మామూలుగా కనబడదు. చదివే హక్కు లేకపోతే ‘పర్మిషన్ డినైడ్’ అంటుంది. షెల్ తెరుచుకుంటుంది గానీ, అందులో మనం రాసుకున్న సెట్టింగులేవీ రావు.

నాకిది సరిగ్గా పీజీ ప్రాజెక్టు ఇవ్వాల్సిన వారంలోనే వచ్చింది. ఆ ఫైలును పొరపాటున చెరిపేసి, పాత కాపీని ‘సుడో’తో తెచ్చిపెట్టాను. సుడోతో చేసిన పని రూట్ పేరున జరుగుతుంది. ఫైలు రూట్ సొంతమైంది, హక్కులు 600. నా పెట్టెకు ఇంకొకరి తాళం పడిందన్నమాట! ఒక మిత్రుడు ‘ఫార్మాట్ కొట్టెయ్’ అన్నాడు. వింటే ప్రాజెక్టంతా పోయేది. ఇంకొకడు ‘777 పెట్టెయ్’ అన్నాడు. ఈ సలహా చాలామంది ఇస్తారు, అస్సలు వినకండి. 777 పెడితే మీ డైరెక్టరీలోకి రాగలిగిన ఎవరైనా ఆ ఫైలులో ఒక లైను రాయొచ్చు. మీరు టెర్మినల్ తెరిచినప్పుడల్లా అది మీ పేరు మీదే నడుస్తుంది. పదిమంది వాడే ల్యాబ్‌లో ఇది ఎంత ప్రమాదమో ఆలోచించండి.

ముందు ‘ఎల్‌ఎస్ హైఫన్ ఎల్’ కొట్టి, పక్కన ఫైలు పేరు ఇచ్చి చూడండి (కమాండ్లను పలికేలా రాస్తున్నాను, ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి). మూడో గడిలో యజమాని పేరుంటుంది. అక్కడ మీ పేరే ఉంటే సుడో అవసరమే లేదు, ‘సీహెచ్‌మోడ్ 644’ చాలు. రూట్ అని ఉంటే మొదట ‘సుడో సీహెచ్‌ఓన్’ తర్వాత మీ యూజర్ పేరు, ఫైలు పేరు ఇచ్చి, ఆ పైన 644 పెట్టండి. నాకు రెండు నిమిషాలు పట్టింది. తెలియక పోగొట్టుకున్నది మాత్రం ఒక రాత్రి నిద్ర!

ల్యాబ్‌లో మీకు సుడో ఉండదు కదా? దానికీ ఉపాయముంది. ఫైలు రూట్‌దైనా డైరెక్టరీ మీదైతే దాని పేరు మార్చే హక్కు మీకుంటుంది. ‘ఎంవీ’తో దానికి వేరే పేరు పెట్టండి. ఉబుంటు, డెబియన్‌లలో ‘ఈటీసీ’ కింద ‘స్కెల్’ డైరెక్టరీలో కొత్త బాష్‌ఆర్‌సీ ఉంటుంది, ‘సీపీ’తో తెచ్చుకోండి. పేరు మార్చిన పాత ఫైలును మాత్రం చెరపొద్దు. ల్యాబ్ ఇన్‌చార్జి గారు వచ్చాక ఆయనచేత యజమాని పేరు మార్పించుకుంటే, అందులోని మీ లైన్లు మీకు దొరుకుతాయి.

— మీ హాస్టల్ పూర్వ విద్యార్థి