ఓటు తీసేస్తే జవాబుదారీ ఎవరు?

పూర్వ ప్రకాశం జిల్లాలోని పర్చూరులో (నేడు బాపట్ల జిల్లా) 2023లో జాబితా నుంచి పేరు తొలగించమని కోరే ఫారం-7 దరఖాస్తులు గుట్టలుగా పడి వివాదం రేగింది. దరఖాస్తు వచ్చినంత మాత్రాన ఓటు పోదు. ప్రజాప్రాతినిధ్య చట్టం-1950, సెక్షన్ 22 ప్రకారం ఊళ్లో లేరంటూ పేరు తీసేముందు ఓటరు వాదన వినాలి. తాత్కాలికంగా ఊరు విడిచినా నివాసం పోదని సెక్షన్ 20 చెబుతోంది. మిరప కోతలకు వలసెళ్లే కూలీలకు ఇదే రక్ష.

సహేతుక కారణం లేకుండా విధి తప్పిన నమోదు అధికారికి సెక్షన్ 32 కింద 3 నెలల నుంచి 2 ఏళ్ల జైలు, జరిమానా. అయితే ఎన్నికల సంఘం లేదా రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి ఆదేశంతో ఫిర్యాదు వస్తేనే కోర్టు విచారణకు తీసుకుంటుంది. బాధితుడికి నేరుగా ఆ దారి లేకపోవడం పెద్ద లోపమే.

సెక్షన్ 32ను సెక్షన్ 31తో పొరబడకండి: అది తప్పుడు ప్రకటన చేసినవారికి, ఏడాది వరకు జైలు లేదా జరిమానా, లేదా రెండూ.