యాంటీబాడీ సీసా చేతికొచ్చిన రోజు

హైదరాబాద్‌లో డీఎన్‌ఏ మరమ్మత్తు పరిశోధన కొత్తది కాదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో కల్లూరి సుబ్బారావు బృందం వయసు మీరే మెదడులో ఈ మరమ్మత్తు ఎలా తగ్గుతుందో ఏళ్ల తరబడి వెతికింది. ఇప్పుడు హబ్సిగూడలో, ఉప్పల్‌లో, గచ్చిబౌలిలో, తుర్కపల్లిలో ల్యాబుల్లో కొత్తగా చేరే ప్రాజెక్టు అసిస్టెంట్లకు, టెక్నీషియన్లకు నాలుగు మాటలు చెప్పాలి. ఎందుకంటే వేలు పోసి కొన్న వంద మైక్రోలీటర్ల యాంటీబాడీ సీసాను చివరికి పెట్టేది మీ చేతిలోనే.

పని ఆర్డరు పెట్టేటప్పుడే మొదలవుతుంది. విదేశం నుంచి నేరుగా వచ్చే పెట్టె శంషాబాద్ విమానాశ్రయం కార్గోలో దిగుతుంది. అక్కడ మందుల కోసం ప్రత్యేక ఫార్మా జోన్ ఉంది, చల్లని గదులున్నాయి. కానీ కాగితం మీద ఉష్ణోగ్రత రాసి ఉంటేనే పెట్టె ఏ గదికి వెళ్లాలో అక్కడి సిబ్బందికి తెలుస్తుంది. ఎయిర్‌వే బిల్లు మీద "2–8 డిగ్రీలు" అని రాయమని సరఫరాదారుకు ముందే చెప్పండి. పరిశోధనకు మాత్రమే వాడతామనే లేఖ, ఇన్వాయిస్ మీ కస్టమ్స్ ఏజెంటుకు పెట్టె దిగకముందే పంపండి. శుక్రవారం దిగేలా మాత్రం తెప్పించుకోకండి, మే నెలలో అసలే వద్దు. పెట్టె చేతికి రాగానే ఐస్ ప్యాకులు ఇంకా చల్లగా ఉన్నాయో లేదో చూసి, ఫొటో తీసి, తేదీతో సహా రాసుకోండి. దారిలో కాస్త వేడి తగిలినంత మాత్రాన చాలా యాంటీబాడీలు పాడైపోవు. గడ్డకట్టించి కరిగించి, మళ్లీ గడ్డకట్టిస్తే మాత్రం దెబ్బతింటాయి. సీసాను ఒకసారి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి. అందులో గ్లిసరాల్ లేకపోతే, మళ్లీ మళ్లీ కరిగించే పని లేకుండా చిన్న చిన్న భాగాలుగా పంచి దాచండి. తనంతట తాను మంచు కరిగించుకునే ఫ్రీజరు దీనికి పనికిరాదు.

ఇక అసలు విషయం, ఎలాంటి యాంటీబాడీ కొనాలన్నది. 1975లో కోలర్, మిల్‌స్టైన్ హైబ్రిడోమా పద్ధతి కనిపెట్టారు. ఒకే రకం యాంటీబాడీని ఎంతకాలమైనా తయారు చేసుకోవచ్చని అందరూ సంతోషించారు. అయితే ఆ హైబ్రిడోమా కణాలు మారిపోతాయి, కొన్ని చచ్చిపోతాయి. 2018లో 185 హైబ్రిడోమాలను పరీక్షిస్తే వాటిలో 59 హైబ్రిడోమాలు అదనపు యాంటీబాడీ గొలుసులను కూడా తయారు చేస్తున్నట్టు తేలింది. రికాంబినెంట్ పద్ధతిలో యాంటీబాడీ జన్యు వరుస చేతిలో ఉంటుంది. దాన్ని మానవ మూత్రపిండ కణాల్లోనో, చైనీస్ హామ్‌స్టర్ అండాశయ కణాల్లోనో పెట్టి తయారు చేస్తారు. మన నగరానికి చెందిన డాక్టర్ రెడ్డీస్ 2007లో విడుదల చేసిన రెడిటక్స్ కూడా హామ్‌స్టర్ కణాల్లో తయారయ్యే రికాంబినెంట్ యాంటీబాడీయే. ఈ పద్ధతి వల్ల ఈ ఏడాది లాటుకూ వచ్చే ఏడాది లాటుకూ తేడా దాదాపు ఉండదు. డబ్బుంటే ఇదే కొనండి, సందేహం లేదు.

కానీ అది మీరు అనుకున్న ప్రొటీనుకే అంటుకుంటుందని లేబుల్ మీద ఉన్న "రికాంబినెంట్" అనే పేరు హామీ ఇవ్వదు. ఆ పరీక్ష మీరే చేయాలి. డీఎన్‌ఏ రెండు పోగులూ తెగినప్పుడు హెచ్2ఏఎక్స్ హిస్టోన్‌లోని 139వ సెరీన్ మీద ఫాస్ఫేట్ చేరుతుంది. దీన్నే గామా-హెచ్2ఏఎక్స్ అంటారు. ఈ గుర్తు కోసం యాంటీబాడీ వాడుతున్నారా? డీఎన్‌ఏను తెంచే ఎటొపొసైడ్ మందు ఇచ్చిన కణాలు, ఇవ్వనివి, ఫాస్ఫటేజ్‌తో ఫాస్ఫేట్ తీసేసిన నమూనా, మూడూ ఒకే జెల్ మీద నడపండి. 15 కిలోడాల్టన్ల దగ్గర గీత మొదటిదాంట్లో పెరగాలి, మూడోదాంట్లో పోవాలి. బ్లాకింగ్‌కు పాలపొడి వాడకండి. పాలలోని కేసీన్ కూడా ఫాస్ఫేట్ ఉన్న ప్రొటీనే కాబట్టి వెనక మచ్చలొస్తాయి, అల్బుమిన్ వాడండి. కణం చచ్చిపోయేటప్పుడు కూడా ఈ గుర్తు కేంద్రకమంతా నిండుతుంది. దాన్ని మైక్రోస్కోపులో మరమ్మత్తు చుక్కలుగా లెక్కపెట్టకండి.

డీఎన్‌ఏ మరమ్మత్తులో పనిచేసే ర్యాడ్51 ప్రొటీనుతో మరో చిక్కుంది. అది పూర్తిగా లేకపోతే కణం బతకదు కాబట్టి, జన్యువు తీసేసిన కణాలను కంట్రోల్‌గా పెట్టుకోవడం కుదరదు. ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏతో ప్రొటీను తగ్గించి, గీత కూడా తగ్గిందో లేదో చూడాలి. దాని చుక్కలు కణచక్రంలోని ఎస్, జీ2 దశల్లోనే ఎక్కువగా కనిపిస్తాయి కనుక ఆ దశలను గుర్తించే జెమినిన్ ప్రొటీనుకు కూడా రంగు వేసి, ఆ దశల్లో ఉన్న కణాలనే లెక్కించాలి. ఈ ఒక్క జాగ్రత్త లేక ఎన్ని పోలికలు తప్పుతాయో!

రికార్డు పుస్తకంలో కంపెనీ, కేటలాగ్ నంబరు, క్లోను, లాటు, ఎంత పలుచన చేశారో రాయండి. "రికాంబినెంట్ ర్యాబిట్ యాంటీబాడీ" అని మాత్రమే రాస్తే రేపు మీ స్థానంలోకి వచ్చేవారికి ఏమీ తెలియదు. ఈ గీత ఆ ప్రొటీనుదే అని ఎలా చెప్పగలరని ఉద్యోగ ఇంటర్వ్యూలో అడిగితే, జవాబుగా చూపించగలిగేది ఆ పేజీనే.

కొత్త సీసా తెరిచే ముందు మీ సారునో మేడమ్‌నో ఒక్క మాట అడగండి: "దీనికి కంట్రోల్ కణాలు ఏవి?" జవాబు రాకపోతే ప్రయోగం ఒక వారం ఆపమని మర్యాదగా చెప్పండి. ఆ మాట చెప్పడం కూడా మీ ఉద్యోగంలో భాగమే.