మూడు దినములు ఆగుడి
(ధ్యాన భాగము: యెహోషువ 9వ అధ్యాయము)



గిబియోనువారు అతుకుల సిద్దెలతోను బూజు పట్టిన రొట్టెలతోను గిల్గాలు పాళెమునకు వచ్చి, తాము బహు దూరదేశస్థులమని చెప్పిరి. పెద్దలు ఆ రొట్టెలను చూచి నమ్మిరి. దేవుని యొద్ద విచారింపకయే ప్రమాణము చేసిరి. మూడు దినములైన తరువాత వారు పొరుగువారేయని తెలిసెను. రొట్టెకు పట్టిన బూజు నిజమే. దానిని చూపి చెప్పిన మాట అబద్ధము.

నేడు అట్టి రొట్టె మన చేతిలోని ఫోనులోనికే వచ్చుచున్నది. కంపెనీ ముద్రగల నియామక పత్రము, వీసా నకలు, విమానపు టిక్కెట్టు, అన్నియు నిజమువలెనే కనబడును.

మన ఉద్దానమునకు కొబ్బరి, జీడి తోటలే ఆధారము. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వాటిని నేలకూల్చెను. చెట్టు మరల కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. కాబట్టి పలాస, టెక్కలి ప్రాంతముల బిడ్డలు దూరదేశములో పని వెదకుట తప్పు కాదు. అయితే ఆ అవసరమును కనిపెట్టియే మోసగాండ్రు వల పన్నుదురు.

2024 మే నెలలో విశాఖపట్నము పోలీసులు ఇట్టి మోసమునొకదానిని బయటపెట్టిరి. సింగపూరులో డేటా ఎంట్రీ పనియని చెప్పి, డబ్బు తీసికొని, యువకులను కంబోడియాకు చేర్చిరి. అక్కడ పాస్‌పోర్టులు లాగికొని, గదులలో నిర్బంధించి, మన దేశస్థులనే ఫోనులో మోసగించు పని బలవంతముగా చేయించిరి. చిక్కినవారిలో మన జిల్లావారును ఉండిరి. 2025 మార్చిలో మయన్మారులోని ఇటువంటి స్థావరములనుండి బయటపడిన 283 మందిని మన వైమానిక దళ విమానము థాయిలాండునుండి తీసికొనివచ్చెను.

అట్లయిన ఎట్లు పరీక్షింపవలెను?

మొదటిది, విదేశములకు పనివారిని పంపు ఏజెంటుకు 1983 వలస చట్టము ప్రకారము లైసెన్సు ఉండవలెను. ప్రభుత్వపు ఈ-మైగ్రేట్‌లో అతని పేరు చూడవచ్చును. అతడు తీసికొనదగిన సేవా రుసుము 30,000 రూపాయలును, దానిపై పన్నును మాత్రమే. రసీదు ఇయ్యనివానిని నమ్మకుడి.

రెండవది, టూరిస్టు వీసాపై పంపి, అక్కడ మార్పించెదమనువాడు మోసగాడని యెరుగుడి.

మూడవది, ఇంటనుండియే పనియని చెప్పి మొదట వంద, రెండు వందలు మనకే ఇచ్చి, తరువాత డిపాజిట్టు కట్టుమనుదురు. జీతమిచ్చువాడు మన యొద్ద డబ్బు అడుగడు.

నాలుగవది, ఈ రాత్రికే డబ్బు పంపుమని తొందరపెట్టువాడు విచారణకు భయపడువాడే.

కాబట్టి మేము మనవి చేయునదేమనగా, తల్లి మెడలోని బంగారము తాకట్టు పెట్టకమునుపు మూడు దినములు ఆగుడి. ఆ కాగితములను సంఘపెద్దలకును, చదువుకొన్నవారికిని, పోలీసు స్టేషనులోను చూపుడి, ప్రార్థించుడి. ఇశ్రాయేలు పెద్దలు ప్రమాణమునకు ముందే ఆగియుండినయెడల నిజము తెలిసియుండును.

ఇదివరకే డబ్బు పోయినయెడల సిగ్గుపడి దాచకుడి. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయుడి. త్వరగా చెప్పినయెడల ఆ సొమ్మును బ్యాంకులో నిలిపివేయుటకు వీలుండును. మోసపోయినవారిని సంఘములో ఎవరును నవ్వకుందురు గాక. నవ్వుదురను భయముచేతనే అనేకులు నోరు మూసికొందురు. వారు నోరు మూసికొనిన, ఆ వల పొరుగింటిమీద పడును.